డాక్టర్లని వాళ్ళ ఆసుపత్రి ఫౌండేషన్‌కే విరాళం అడగడం: అసలు చిక్కు ఎక్కడుంది

ఆసుపత్రి ఫౌండేషన్ ఆఫీసులో పనిచేసేవాళ్ళని ఎవరినైనా కదపండి, కాసేపటికి ఈ మాట వచ్చి తీరుతుంది: "బయటివాళ్ళు ఇస్తున్నారండీ, మా డాక్టర్లే ఇవ్వట్లేదు." అదే డాక్టర్లని కదిపితే "రాత్రి ఫోన్ మోగితే పరిగెత్తుకొస్తున్నాం, ఆదివారం అని లేదు ఏమీ లేదు, ఇంకా మా జేబులోంచి కూడా కావాలా వీళ్ళకి" అంటారు. ఇద్దరి మాటా నిజమే. డాక్టర్లు పిసినారులని ఒకళ్ళు, మేనేజ్‌మెంట్‌కి ఆశ ఎక్కువని ఇంకొకళ్ళు తేల్చేసి వెళ్ళిపోతుంటారు, విషయం మాత్రం అక్కడే ఉండిపోతుంది. నా లెక్కలో ఇందులో డబ్బు పాలు తక్కువ, అడిగేవాళ్ళకి అవతలివాళ్ళ మీద ఉన్న పట్టు పాలు ఎక్కువ. ఆ మాట అర్థం కావాలంటే ముందు రెండు మూడు ముడులు విప్పుకోవాలి.

మొదటి ముడి, ఆసుపత్రి వేరు ఫౌండేషన్ వేరు అన్న సంగతి. చాలామంది డాక్టర్లకే ఇది సరిగ్గా తెలీదు, తెలియకపోవడం వాళ్ళ తప్పు కూడా కాదు, రెండింటికీ ఒకటే లోగో, ఒకటే బిల్డింగు, లెటర్‌హెడ్ కూడా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. చాలా చోట్ల ఫౌండేషన్‌కి విడిగా రిజిస్ట్రేషన్, విడిగా బోర్డు, విడిగా బ్యాంకు ఖాతా, విడిగా ఆడిట్ ఉంటాయి. ఆసుపత్రికి డబ్బు బిల్లుల్లోంచో ఇన్సూరెన్సు నుంచో సర్కారు బడ్జెట్ నుంచో వస్తుంది, జీతాలు కరెంటు మందులు అందులోంచి పోతాయి. ఫౌండేషన్‌కి వచ్చేది విరాళాలు, అందులోంచి కట్టుకోలేని పేషెంట్ల బిల్లులు, బడ్జెట్‌లో పట్టని పరికరాలు, రీసెర్చ్, నర్సుల ట్రైనింగ్ లాంటివి నడుస్తాయి. బ్రిటన్‌లో ఎన్‌హెచ్ఎస్ అనే ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఆసుపత్రుల పక్కన ఉండే ఛారిటీలు ఇలాంటివే, ఆసుపత్రిది ప్రభుత్వ డబ్బు, ఛారిటీది జనం డబ్బు, లెక్కలు వేరు.

అయితే కాగితం మీద వేరుగా ఉన్నంత మాత్రాన డాక్టరు అనుమానం తీరిపోదు, ఎందుకంటే ఆ అనుమానంలో సరుకుంది. ఒక పిల్లల వార్డుకి వార్మర్లు, అంటే పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే పరికరాలు, కావాలి అనుకుందాం, ఆసుపత్రి ఎలాగూ ఈ ఏడాది తన బడ్జెట్‌లో కొనాలనుకుంది, ఇంతలో ఫౌండేషన్ వాళ్ళు డాక్టర్ల దగ్గర చందాలు వసూలు చేసి అవే వార్మర్లు కొనిపెట్టారు, ఫోటో దిగారు. ఇప్పుడు బడ్జెట్‌లో మిగిలిన ఆ డబ్బు ఎటు పోయింది? లాబీలో కొత్త గ్రానైట్‌కి పోయి ఉండొచ్చు. అంటే కాగితం మీద డాక్టరు వార్మర్‌కి ఇచ్చాడు, నిజానికి గ్రానైట్‌కి ఇచ్చాడు. డబ్బుకి రంగు ఉండదు కాబట్టి ఇది ఎక్కడైనా జరగొచ్చు, ఎవరూ దొంగతనం చేయకుండానే జరగొచ్చు. ఒక సీనియర్ సర్జన్ "మేం ఇవ్వకపోయినా మీరు ఇది కొనేవాళ్ళేగా?" అని అడిగితే ఫౌండేషన్ మనిషి దగ్గర సూటి సమాధానం ఉండాలి. ఉండాల్సిన సమాధానం ఏంటంటే, ఇదిగో పెద్ద పరికరాలు కొనడానికి పెట్టిన ఈ ఏడాది క్యాపిటల్ బడ్జెట్, ఇందులో ఈ వస్తువు లేదు, వచ్చే ఏడాది కూడా లేదు, మీరిస్తేనే వస్తుంది అని ఆసుపత్రి ఫైనాన్స్ వాళ్ళు రాసిచ్చిన కాగితం. ఆ కాగితం లేకుండా డాక్టర్ల దగ్గరికి వెళ్ళకూడదు అని నేనంటాను, ఎందుకంటే బయటి దాతకి ఆసుపత్రి లోపలి బడ్జెట్ గొడవలు తెలీవు గానీ డాక్టరుకి తెలుసు, పోయినేడు తన డిపార్ట్‌మెంట్ ఇది కావాలని రాసి పంపిన ఇండెంట్ ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో తేదీలతో సహా గుర్తుంటుంది.

ఇంకో చిన్న విషయం ఇక్కడే చెప్పేస్తాను. విరాళం ఫలానా పనికే అని షరతుతో ఇస్తే ఆ పనికే వాడాలి, షరతు లేకుండా ఇస్తే ఫౌండేషన్ బోర్డు ఇష్టం. శాశ్వత నిధికి ఇస్తే అసలు మొత్తాన్ని ముట్టుకోరు, పెట్టుబడి పెట్టి ఏటా నాలుగైదు శాతం దాకా మాత్రం తీసి ఖర్చు పెడతారు, అంటే వంద ఇస్తే ఈ ఏడాది వార్డుకి చేరేది నాలుగో ఐదో. ఇది ముందే చెప్పకపోతే ఆరు నెలల తర్వాత డాక్టరు గారు వచ్చి "నేనిచ్చింది ఏదీ" అంటారు, అప్పుడు చెప్పే వివరణ ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది.

సరే, అసలు డాక్టర్లని ఎందుకు అడగాలి? మొత్తం విరాళాల్లో పెద్ద చెక్కులు ఎప్పుడూ బయటి దాతల నుంచో కంపెనీల నుంచో పోయినవాళ్ళు రాసిన వీలునామాల నుంచో వస్తాయి, డాక్టర్లందరూ కలిసి ఇచ్చినా అందులో చిన్న భాగమే అవుతుంది. అయినా అడుగుతారు, కారణం మొత్తం కాదు, ఎంతమంది ఇచ్చారన్నది. పెద్ద దాత ఎవరైనా చెక్కు రాసేముందు అడిగే ప్రశ్నల్లో ఒకటి "మీ లోపలివాళ్ళు ఎంతమంది ఇచ్చారు" అనేది. న్యాయమైన ప్రశ్నే కదా, వంటవాడు తన వంట తినకపోతే మనకి అనుమానం రాదూ. ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో అందరికంటే బాగా తెలిసిన మనిషి తన సొంత డబ్బు పెట్టాడంటే బయటివాడికి అది ఏ బ్రోచర్ కంటే ఎక్కువ నమ్మకం. ముందు ఎవరో కొంత పెట్టారని తెలిస్తే తర్వాతివాళ్ళు ముందుకొస్తారన్నది ప్రయోగాల్లో కూడా తేలింది, జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పనిలో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ కోసం కంప్యూటర్లకి చందాలు అడుగుతూ, కొంతమందికి లక్ష్యంలో 10 శాతం ఇప్పటికే వచ్చిందని, ఇంకొంతమందికి 67 శాతం వచ్చిందని చెప్పారు, రెండో రకం ఉత్తరాలకి వచ్చిన మొత్తం దాదాపు ఆరు రెట్లు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది మేనేజర్లు ఈ మెలిక చూడరు. డాక్టర్లు ఇవ్వడం బయటివాళ్ళకి ఒక సాక్ష్యం అనుకున్నాం, ఆ సాక్ష్యానికి విలువ ఎప్పుడొస్తుంది? ఇవ్వకుండా ఉండే వీలుండి కూడా ఇచ్చినప్పుడు. అందరి దగ్గరా మెడ మీద కూర్చుని వసూలు చేసి "మా డాక్టర్లు నూటికి నూరు శాతం ఇచ్చారు" అని బ్యానర్ కడితే, విషయం తెలిసిన దాత దాన్ని చూసి మెచ్చుకోడు, ఇక్కడ జనం భయపడుతున్నారన్నమాట అనుకుంటాడు. బోర్డు మెంబర్లు నూరు శాతం ఇచ్చారంటే అర్థముంది, వాళ్ళు ఆ బాధ్యత ఒప్పుకునే కుర్చీలో కూర్చున్నారు. ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళలో నూటికి నూరు ఇవ్వడం అన్నది మామూలుగా జరిగే పని కాదు.

ఇప్పుడు డాక్టరు వైపు లెక్క చూద్దాం. ప్రతి డాక్టరు మనసులో ఒక ఖాతా పుస్తకం ఉంటుంది, అందులో ఆసుపత్రికి ఇచ్చినవన్నీ రాసి ఉంటాయి: డ్యూటీ అయిపోయాక ఉండిపోయిన గంటలు, జీతం లేకుండా చెప్పిన క్లాసులు, ఫీజు వద్దని పంపేసిన పేషెంట్లు, కమిటీ మీటింగులు, ఇంట్లో మిస్సయిన పుట్టినరోజులు. ఆ పుస్తకం ప్రకారం ఆసుపత్రే బాకీ. ఫౌండేషన్ పుస్తకంలో వీటిలో ఒక్కటీ ఉండదు. పన్ను చట్టాలు కూడా ఫౌండేషన్ పక్షమే, అమెరికాలో ఛారిటీకి డబ్బు ఇస్తే మినహాయింపు ఉంది గానీ డాక్టరు ఉచితంగా ఇచ్చిన టైముకి విలువ కట్టి మినహాయింపు అడగడానికి వీల్లేదు. అందుకని "మీరు ఆసుపత్రికి ఏదైనా తిరిగి ఇవ్వాలి" అని మొదలుపెట్టే ఉత్తరం ఉంది చూశారా, ఆ "తిరిగి" అన్న మాట దగ్గరే సగం మంది పోతారు. తిరిగి ఇవ్వడానికి ముందు ఏదో తీసుకుని ఉండాలి కదా అనిపిస్తుంది వాళ్ళకి. నేనైతే ఆ మాట ఉత్తరాల్లోంచి పూర్తిగా తీసేయమంటాను.

పైగా డాక్టర్లు అంటే ఒకే గుంపు కాదు. చదువు అప్పు ఇంకా తీరని జూనియర్, పీజీ చేస్తున్న రెసిడెంట్, వేరే కంపెనీ ద్వారా కాంట్రాక్టులో వచ్చే అనస్థీషియా డాక్టరు, వారానికి రెండు రోజులు వచ్చే విజిటింగ్ కన్సల్టెంట్, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే పాతుకుపోయిన హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ పెద్ద), వీళ్ళందరికీ ఒకటే మెయిల్ వెళ్తుంది, అదే తప్పు. కాంట్రాక్టు డాక్టరుకి అసలు ఇది తన ఆసుపత్రి అన్న భావనే ఉండకపోవచ్చు, వచ్చే ఏడాది కాంట్రాక్టు వేరే కంపెనీకి పోతే తనూ పోతాడు. రెసిడెంట్లని అయితే అడగనే కూడదు, వాళ్ళ మార్కులు, సర్టిఫికెట్లు, రెకమెండేషన్ లెటర్లు అన్నీ అడిగేవాళ్ళ చేతిలో ఉంటాయి, ఆ పరిస్థితిలో ఇచ్చేదాన్ని విరాళం అనడం కష్టం.

ఈ చివరి మాటలోనే అసలు సంగతంతా ఉంది. విచిత్రం ఏంటంటే దీనికి సమాధానం డాక్టర్లు తమ నీతి నియమాల్లో ఎప్పుడో రాసుకున్నారు, కాకపోతే పేషెంట్ల విషయంలో. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నైతిక నియమావళి డాక్టర్లకి ఏం చెప్తుందంటే, మీ సొంత పేషెంట్ల దగ్గర నేరుగా విరాళాలు అడక్కండి, ముఖ్యంగా వైద్యం చేస్తున్న సమయంలో అస్సలు వద్దు అని. ఎందుకు వద్దు? పేషెంటుకి "లేదు" అనే స్వేచ్ఛ నిజంగా ఉండదు కాబట్టి. ఇవ్వకపోతే నన్ను చూసే తీరు మారుతుందేమో అన్న భయం ఒక మూల ఉంటుంది, డాక్టరు దేవుడిలాంటి మనిషే అయినా ఆ భయం ఉంటుంది. ఇప్పుడు అదే సీన్‌లో మనుషుల్ని మార్చండి. పేషెంట్ స్థానంలో అసిస్టెంట్ ప్రొఫెసర్, డాక్టర్ స్థానంలో ఆమె డ్యూటీ చార్టు వేసే హెచ్ఓడీ, ఓటీ (ఆపరేషన్ థియేటర్) స్లాట్లు పంచే డైరెక్టరు. భయం అదే, కారణం అదే. పేషెంట్ విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని ఇంటి మనిషి విషయంలో మాత్రం ఎందుకు మర్చిపోతారో నాకెప్పుడూ అర్థం కాదు.

ఇలాంటి ఒక మెయిల్ ఎలా ఉంటుందో చూడండి, ఇది నేను కల్పించి రాస్తున్నదే గానీ ఇలాంటివి అందుకోని డాక్టరు అరుదు. సాయంత్రం ఏడింటికి డైరెక్టర్ గారి పేరు మీద వస్తుంది. "ప్రియమైన సహచరులారా, మన కుటుంబంలో ప్రతి ఒక్కరూ భాగస్వాములు కావాలని ఆశిస్తున్నాను. ఈ నెలాఖరుకి మన డిపార్ట్‌మెంట్లన్నీ నూరు శాతం చేరుకోవాలి. జతపరిచిన షీట్‌లో మీ పేరు ఎదురుగా మొత్తం నింపగలరు." షీట్ తెరిస్తే అందరి పేర్లూ వరసగా ఉంటాయి, ఎవరు ఎంత నింపారో అందరికీ కనిపిస్తుంది, ఖాళీగా ఉన్న గడులు పసుపు రంగులో ఉంటాయి. పసుపు రంగు ఎవరి ఐడియానో గానీ. ఆ షీట్ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఏం చేస్తుంది? కనీస మొత్తం నింపేస్తుంది, ఆ తర్వాత జన్మలో ఫౌండేషన్ అన్న మాట వింటే మొహం తిప్పుకుంటుంది. ఆ ఏడాది వసూలు బాగానే కనిపిస్తుంది, మూడో ఏడాదికి ఎవరూ మిగలరు.

ఇలా మొహమాటంతో ఇచ్చేది ఎంత ఉంటుందో కొలిచిన ప్రయోగం కూడా ఒకటి ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, జాన్ లిస్ట్, ఉల్రికే మాల్మెండియర్ అనే ముగ్గురు 2012లో ప్రచురించారు, షికాగో చుట్టుపక్కల ఇంటింటికీ వెళ్ళి చందాలు అడిగించారు, అడిగిన పేర్లలో ఒక పిల్లల ఆసుపత్రి కూడా ఉంది. కొన్ని ఇళ్ళకి ఫలానా టైముకి వస్తామని ముందురోజే చీటీ పెట్టారు. చీటీ పెట్టిన ఇళ్ళలో తలుపు తీసేవాళ్ళు 9 నుంచి 25 శాతం దాకా తగ్గారు. ఆ చీటీ మీదే "మమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దు" అని టిక్ పెట్టే గడి కూడా ఇస్తే ఇచ్చేవాళ్ళు 28 నుంచి 42 శాతం దాకా పడిపోయారు, తగ్గినవి ఎక్కువగా చిన్న మొత్తాలే. అంటే మామూలుగా వచ్చే చిన్న చందాల్లో మంచి భాగం ఎదురుగా మనిషి నిలబడ్డాడు కాబట్టి వస్తున్నదే. ఫౌండేషన్ వాళ్ళు ఇది చదివి "అయితే ఎదురుగా నిలబడదాం" అనుకోవచ్చు, అదే పొరపాటు. వీధిలో చందా అడిగినవాడు మళ్ళీ కనపడడు, ఆసుపత్రిలో అడిగినవాళ్ళు రేపు పొద్దున్న రౌండ్స్‌లో పక్కనే ఉంటారు.

అలాంటప్పుడు ఎలా అడగాలి? ఎవరు అడుగుతారన్నది ముందు తేలాలి. పై అధికారి అడక్కూడదు, అంతే, ఇందులో నాకు రెండో మాట లేదు. సాటివాళ్ళు అడగాలి, అదీ తను ముందు ఇచ్చినవాళ్ళు. లేబర్ రూమ్ పక్క గదిలో టీ తాగుతూ ఒక గైనకాలజిస్టు ఇంకో ఆవిడతో "మేడమ్, మన దగ్గర ఫీటల్ మానిటర్లు రెండు పాతబడి పేపర్ ఇరుక్కుంటున్నాయి చూశారుగా, బడ్జెట్‌లో రెండేళ్ళ దాకా లేవంట, నేను కొంత వేశాను, మీకు కుదిరితే చూడండి, కుదరకపోయినా ఏం లేదు, ఎవరికీ తెలీదు" అంది అనుకోండి. ఇందులో ఎన్ని పనులు జరిగాయో చూడండి. వస్తువు, అంటే కడుపులో బిడ్డ గుండె చప్పుడు చూసే ఆ మెషిన్, ఇద్దరికీ తెలిసిందే, దాని వల్ల పడే ఇబ్బంది ఇద్దరూ పొద్దున్నే పడ్డారు. అడిగినావిడ ముందు ఇచ్చింది. బడ్జెట్‌లో లేదన్న సంగతి చెప్పింది. లేదు అనడానికి దారి తెరిచి ఉంచింది. అన్నిటికంటే ముఖ్యం ఆ "ఎవరికీ తెలీదు" అన్నది, అది నిజం అయ్యుండాలి.

ఆ మాట నిజం కావాలంటే ఏర్పాటు ముందే ఉండాలి. ఎవరు ఎంత ఇచ్చారన్న లిస్టు ఫౌండేషన్‌లో ఒకరిద్దరి దగ్గరే ఉండాలి, రసీదులు వాళ్ళే పంపాలి, హెచ్ఓడీలకీ డైరెక్టరుకీ ప్రమోషన్లు చూసే కమిటీకీ పేర్లు వెళ్ళకూడదు, వెళ్తే డిపార్ట్‌మెంట్ మొత్తం సంఖ్య వెళ్ళాలి, అది కూడా నలుగురే ఉన్న చిన్న డిపార్ట్‌మెంట్ అయితే వద్దు, నలుగురిలో ముగ్గురు ఇచ్చారంటే నాలుగో మనిషి ఎవరో ఊహించడం పెద్ద కష్టం కాదు. పేరు బయటపెట్టుకోవాలనుకునేవాళ్ళకి గోడ మీద పేరు వేయండి, తప్పులేదు, అది వాళ్ళ ఇష్టం. ఇవ్వనివాళ్ళ లిస్టు ఏ రూపంలోనూ తయారవ్వకుండా చూసుకోవాలి, ఒకసారి తయారైతే ఎక్కడో ఒకచోట వాడతారు.

మిగతావాళ్ళు ఇస్తున్నారని చెప్పడం తప్పా అంటే కాదు, పేర్లు లేకుండా చెప్తే పనికొస్తుంది. బ్రూనో ఫ్రే, స్టెఫాన్ మైయర్ జ్యూరిక్ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసి 2004లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి గతంలో 64 శాతం మంది ఇచ్చారని, ఇంకొందరికి 46 శాతం అని చెప్పారు, రెండూ నిజమైన లెక్కలే, వేర్వేరు కాలాలవి. 64 విన్నవాళ్ళలో ఇచ్చినవాళ్ళు కొంచెం ఎక్కువ, మరీ పెద్ద తేడా ఏం కాదు. ఇందులో ఆసుపత్రులు నేర్చుకోవాల్సింది ఇంకోటుంది, మొదటి ఏడాది పదిశాతం మందే ఇచ్చి ఉంటే ఆ సంఖ్యని మెయిల్‌లో పెట్టి "చూశారా ఎంత తక్కువో" అని సిగ్గుపడేలా రాస్తే ఉల్టా కొడుతుంది, నూటికి తొంభై మంది ఇవ్వలేదంటే నేనూ ఇవ్వక్కర్లేదన్నమాట అనుకుంటారు.

మ్యాచింగ్ సంగతి కూడా చెప్పుకోవాలి. మీరెంత ఇస్తే అంత ఒక పెద్ద దాత కలుపుతారు అన్న పథకం డాక్టర్ల దగ్గర బాగానే పనిచేస్తుంది, కారణం లెక్క సులువుగా అర్థమవుతుంది. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ 2007లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో, 50 వేల మందికి పైగా పాత దాతలకి ఉత్తరాలు పంపారు, మ్యాచింగ్ ఉందని చెప్పిన ఉత్తరాలకి సగటున వచ్చిన డబ్బు 19 శాతం పెరిగింది, ఇచ్చే అవకాశం 22 శాతం పెరిగింది. తమాషా ఏంటంటే ఒకటికి ఒకటి కలిపినా ఒకటికి మూడు కలిపినా ఫలితం ఒకలాగే ఉంది. కాబట్టి దాతని బతిమాలి మూడు రెట్లు కలపమని అడిగే శ్రమ అనవసరం, అదే డబ్బుతో మూడు సార్లు మ్యాచింగ్ పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఆ దాత డాక్టర్లు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మొత్తం ఎలాగూ ఇచ్చేసేలా ఉంటే దాన్ని మ్యాచింగ్ అని చెప్పకూడదు. డాక్టర్లకి ఆ సంగతి ఎలాగోలా తెలిసిపోతుంది.

జీతంలోంచి నెలనెలా కోత పెట్టుకునే పద్ధతి మంచిదే, బ్రిటన్‌లో 1987 నుంచి పేరోల్ గివింగ్ అని ఉంది, పన్ను పడకముందే విరాళం వెళ్ళిపోతుంది. మనిషి తనంతట తను సంతకం పెట్టి మొదలుపెట్టాలి, ఎప్పుడైనా ఆపుకోగలగాలి, ఆపుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా ఉండాలి. కొందరు తెలివైనవాళ్ళు దీన్ని తిరగేసి అందరికీ కోత పెట్టేస్తాం, వద్దన్నవాళ్ళు రాసివ్వండి అంటుంటారు. రిటైర్మెంట్ పొదుపులో ఈ తిరగేసిన పద్ధతి బాగా పనిచేసింది నిజమే, కానీ అక్కడ కోసిన డబ్బు ఆ మనిషికే తిరిగొస్తుంది, ఇక్కడ రాదు. ఆ తేడా చిన్నది కాదు. వద్దని రాసిచ్చినవాళ్ళ కాగితాలు హెచ్ఆర్ ఫైల్లో ఉంటాయి అన్నది ఇంకో సంగతి.

పన్ను మినహాయింపు గురించి ఎక్కువ ఊదరగొట్టక్కర్లేదు, ఒక్కో దేశానిది ఒక్కో రూలు. భారత్‌లో చాలాకాలం 80జీ అని పిలుచుకున్న మినహాయింపు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి రాదు, అమెరికాలో స్టాండర్డ్ డిడక్షన్, అంటే విడివిడి లెక్కలు చూపకుండా దొరికే స్థిరమైన మినహాయింపు, తీసుకునేవాళ్ళకి 2025 దాకా చాలాకాలం పెద్దగా ఒరిగింది లేదు. పన్ను ఆశ చూపించి అడిగితే ఆడిటర్‌ని కనుక్కుని వచ్చి "నాకేం రాదంటగా" అంటారు, అక్కడితో సంభాషణ అయిపోతుంది.

ఇచ్చినందుకు బదులుగా ఏదైనా ఇవ్వడం మాత్రం జాగ్రత్తగా చూడాలి. విరాళం ఇచ్చిన డాక్టరుకి మంచి ఓటీ రోజులు, పెద్ద గది, కమిటీలో కుర్చీ, ఇవి మొదలైతే దాన్ని కొనుగోలు అనాలి. అమెరికా పన్ను చట్టంలో విరాళానికి బదులుగా దాతకి ఏదైనా విలువైనది ముడితే ఆ విలువ తీసేసి మిగిలిందానికే మినహాయింపు, ఆ సంగతి దాతకి ఛారిటీ రాసి చెప్పాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంకో తరహా ఉంది, డాక్టరు తన సొంత రీసెర్చ్ ఖాతాకి విరాళం ఇస్తాడు, తర్వాత ఆ ఖాతాలోంచి తన కాన్ఫరెన్స్ టికెట్లు కొంటాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పన్ను మినహాయింపుతో వెళ్ళింది. డిపార్ట్‌మెంట్ నిధికి ఇవ్వొచ్చు, కానీ ఖర్చు మీద సంతకం ఇంకొకరిది ఉండాలి.

నన్నడిగితే డాక్టర్లని అన్నిటికంటే ఎక్కువ కదిలించేది మ్యాచింగులూ పన్నులూ కాదు, ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు. ఏటా వచ్చిన డాక్టర్ల విరాళాలన్నీ ఒక ప్రత్యేక నిధిలో వేసి, ఏ వార్డుకి ఏది కావాలో ఎవరైనా ఒక పేజీలో రాసి పంపొచ్చు, నర్సులూ టెక్నీషియన్లూ కూడా, డాక్టర్లు ఓటేసి తేల్చుకుంటారు అంటే, ఇవ్వడం మీద ఆసక్తి వేరేగా ఉంటుంది. ఇందులో కూడా ఒక గొడవ ఉంది, ఓటు ఇచ్చినవాళ్ళకేనా అందరికీనా అని. ఇచ్చినవాళ్ళకే అంటే ఎవరు ఇచ్చారో బయటపడుతుంది. నేనైతే అందరికీ ఓటు ఇవ్వమంటాను, ఇవ్వనివాళ్ళు కూడా ఒకసారి ఓటేసి తను చెప్పిన వస్తువు వార్డులోకి రావడం చూస్తే మరుసటేడు వాళ్ళ మనసు మారొచ్చు, మారకపోయినా నష్టం లేదు.

ఆఫీసు ఖర్చుల గురించి డాక్టర్లు తప్పకుండా అడుగుతారు, నేనిచ్చిందాంట్లో మీ ఏసీ గదికి ఎంత పోతుంది అని. యూరీ గ్నీజీ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పెద్ద దాత ఆఫీసు ఖర్చులన్నీ భరించేశారు, మీరిచ్చేది మొత్తం నేరుగా పనికే పోతుంది అని చెప్పిన పద్ధతి, అదే డబ్బుని మ్యాచింగ్‌గా వాడినదానికంటే, ముందస్తు విరాళంగా ప్రకటించినదానికంటే బాగా పనిచేసింది. బోర్డులో ఎవరైనా ఆ ఖర్చు భరిస్తే డాక్టర్ల క్యాంపెయిన్‌కి అంతకంటే మంచి ఉపయోగం లేదు.

అసలు అడక్కూడని కాలం కూడా ఒకటుంటుంది. జీతాలు లేటవుతున్నప్పుడు, నర్సుల పోస్టులు ఖాళీగా పెట్టి ఉన్నవాళ్ళ మీదే భారం వేస్తున్నప్పుడు, ఇంక్రిమెంట్లు ఆపిన నెలలో, ఆ సమయంలో చందా మెయిల్ పంపితే అది స్క్రీన్‌షాట్ అయ్యి అన్ని గ్రూపుల్లో తిరుగుతుంది, కింద పదిహేను నవ్వు ఎమోజీలు ఉంటాయి. ఆసుపత్రి చేయాల్సిన పనిని విరాళంతో పూడ్చమని అడుగుతున్నారన్న అనుమానం వస్తే దాన్ని ఏ పోస్టరూ తీసేయలేదు. ఫౌండేషన్ వాళ్ళకి ఇందులో చేయగలిగింది తక్కువ, కానీ ఈ ఏడాది వద్దు అని డైరెక్టరుకి చెప్పే ధైర్యం మాత్రం ఉండాలి.

చాలా తేలిగ్గా అయ్యే పని, ఎవరూ సరిగ్గా చేయని పని, ఇచ్చాక చెప్పడం. రసీదు రెండు రోజుల్లో రావాలి. ఆ తర్వాత వస్తువు వచ్చినప్పుడు వార్డు నుంచి ఒక ఫోటో, ఏ తేదీన వచ్చింది, ఎంతమంది పేషెంట్లకి వాడారు, ఇంకా ఎంత మిగిలింది, నాలుగు లైన్లు చాలు. కొనడం లేటయితే లేటయిందని చెప్పాలి, టెండరు రద్దయితే రద్దయిందని చెప్పాలి. డాక్టర్లు చెడు వార్తలు రోజూ చెప్పే మనుషులు, వినడం కూడా వాళ్ళకి అలవాటే, ఏమీ చెప్పకపోవడమే వాళ్ళకి నచ్చదు. ధన్యవాదాలు చెప్పే ఉత్తరంలోనే మళ్ళీ ఇంకో చందా అడిగే అలవాటు కొన్ని ఆఫీసులకి ఉంది, దయచేసి మానేయండి.

రిటైరయిన డాక్టర్లని మాత్రం దాదాపు ప్రతి ఆసుపత్రీ మర్చిపోతుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న భయాలు వాళ్ళకి ఏవీ లేవు, వాళ్ళ డ్యూటీ చార్టు ఎవరూ వేయరు, ప్రమోషన్ ఆపేవాళ్ళు లేరు, అప్పులు చాలావరకు తీరిపోయి ఉంటాయి, ఆసుపత్రితో ఉన్న పాత గొడవలు కూడా టైముతో పాటు మెత్తబడి ఉంటాయి. వీలునామాలో కొంత రాద్దామనుకునేవాళ్ళు వీళ్ళలో ఉంటారు, అడిగే దిక్కుండదు. రిటైరైన రోజు శాలువా కప్పి పంపేస్తారు, ఆఫీస్ మెయిల్ ఐడీ ఆ నెలాఖరుకి ఐటీ వాళ్ళు మూసేస్తారు, ఇంటి అడ్రసూ ఫోన్ నంబరూ ఎవరి దగ్గరా ఉండవు. ఫౌండేషన్‌లో ఒక మనిషి ఆ మెయిల్ మూసేలోపు వాళ్ళకి ఫోన్ చేసి సొంత నంబరు రాసుకుని, వార్తలు పంపమంటారా అని అడిగి, పంపమంటే ఏడాదికోసారి వాళ్ళ పాత డిపార్ట్‌మెంట్ కబుర్లు రాసి పంపితే చాలు, మొదటి రెండేళ్ళూ డబ్బు సంగతి ఎత్తకుండా.